ప్లాంటు స్టార్టప్ వేళ మీటర్లను ఎంతవరకు నమ్మాలి

మిత్రులారా,

కొత్తగా కట్టిన రసాయన ప్లాంటును గానీ, మరమ్మతుల తర్వాత పాత ప్లాంటును గానీ నడపడం మొదలుపెట్టడమే స్టార్టప్. దానికి ముందు పైపులను కడగడం, మోటార్లు సరైన దిశలో తిరుగుతున్నాయో లేదో చూడటం, లోపలి గాలిని నైట్రోజన్‌తో వెళ్లగొట్టడం, పైపులను మూసి ఉంచిన బ్లైండ్లను (లోహపు పలకలను) జాబితా ప్రకారం తీయడం వంటి పనులకు పద్ధతులు స్థిరపడి ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఇవన్నీ ముగిసి, ఫీడు (ప్లాంటులోకి పంపే ముడి ద్రవం) లోపలికి రావడం మొదలైన తర్వాతి కొన్ని గంటల గురించే మాట్లాడతాను.

కొలత పరికరాలను ప్లాంటు నిలకడగా నడిచేటప్పటి ఉష్ణోగ్రతకు, సాంద్రతకు తగినట్టు సరిచేసి ఉంచుతారు. స్టార్టప్‌లో ఆ రెండూ గంట గంటకూ మారుతుంటాయి. అందుచేత ఏ లోపమూ లేని పరికరం కూడా అప్పుడు తప్పు చూపవచ్చు.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ చమురుశుద్ధి కర్మాగారంలో స్టార్టప్ జరుగుతుండగా, 170 అడుగుల టవరులోకి మూడు గంటలకు పైగా ద్రవం వస్తూనే ఉంది. బయటికి పోయే దారి మాత్రం మూసి ఉంది. అయినా కంట్రోల్ రూములోని మీటరు మట్టం 10 అడుగుల లోపే ఉందనీ, పైగా తగ్గుతోందనీ చూపింది. ఆ పరికరం ద్రవంలో మునిగే కడ్డీపై పనిచేసే తేలుడు బలాన్ని బట్టి మట్టాన్ని లెక్కకడుతుంది. కడ్డీ పూర్తిగా మునిగాక మట్టం ఎంత పెరిగినా దానికి తెలియదు. ద్రవం వేడెక్కి సాంద్రత తగ్గితే మాత్రం మట్టమే తగ్గినట్టు చూపుతుంది. మట్టం హద్దు దాటితే మోగాల్సిన, విడిగా అమర్చిన హై లెవెల్ అలారం మోగలేదు. టవరు దగ్గరి గాజు గేజి మురికిపట్టి చదవడానికి వీల్లేకుండా ఉంది. చివరికి ద్రవం పొంగి బయటపడి జరిగిన పేలుడులో 15 మంది మరణించారు.

ఆ రోజు మీటరు తప్పును పట్టించగలిగింది ఒక్క తీసివేత లెక్క. లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, మిగిలినది ఎక్కడుంది? వచ్చే ప్రవాహం ఒక తెరపైన, పోయే ప్రవాహం మరో తెరపైన ఉండటంతో ఆ లెక్క ఎవరి కంటా పడలేదు. (కంప్యూటర్లు పెరిగినకొద్దీ ఇలాంటి చిన్న లెక్కలు మనుషుల చేతుల్లోంచి జారిపోవడం నాకు విడ్డూరంగానే తోస్తుంది.)

కాబట్టి స్టార్టప్ పత్రంలో టవరు, ట్యాంకు వంటి ప్రతి పాత్రకూ నింపే సమయాన్ని ముందే లెక్కగట్టి రాయాలి. ఆ సమయం దాటినా, మట్టం పెరగడం ఆగిపోయినా, తగ్గినా, షిఫ్ట్ ఆపరేటరు ఎవరి అనుమతీ అడగకుండా ఫీడు ఆపాలని అందులోనే స్పష్టంగా ఉండాలి. షిఫ్ట్ మారేటప్పుడు అప్పటివరకు లోపలికి వచ్చిన మొత్తాన్ని లాగ్‌బుక్కులో అంకెగా రాసి అప్పగించాలి.