కరోనా టైంలో రైతుకేం నష్టం అంటారా? ఒక్క పుట్టగొడుగు బ్యాగు చూడండి చాలు

"కరోనాలో అన్నీ మూసేసినా వ్యవసాయానికి పర్మిషన్ ఉందిగా, జనం తిండి మానేస్తారా ఏంటి, రైతుకేం నష్టం?" ఈ మాట గుంటూరులో ఇప్పటికీ వింటున్నా, అదీ బాగా చదువుకున్నోళ్ల నోట. పర్మిషన్ నిజమే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెడితే 27నే పొలం పనులకీ మార్కెట్ యార్డులకీ మినహాయింపు ఇచ్చారు. ఇచ్చింది పంటకండీ, కొనేవాడికి కాదు!

మంగళగిరి పక్కన ఒక కుర్రాడు షెడ్డు అద్దెకి తీసుకుని ఆయిస్టర్ పుట్టగొడుగులు వేశాడనుకోండి. వరిగడ్డి నానబెట్టి ఉడికించి, నీళ్లు వార్చి, స్పాన్, అంటే పుట్టగొడుగు విత్తనం, చల్లుకుంటూ కవర్లో పొరలుగా కూరితే మూడు వారాలకి బ్యాగంతా తెల్లగా పట్టేసిద్ది, ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో మొగ్గలు. ఇక ఆగమంటే ఆగిద్దా? బ్యాగుకేం తెలుసు లాక్‌డౌనని. ఇవాళ కొయ్యకపోతే రేపటికి అంచులు ముడుచుకుపోతాయి, కోస్తే ఫ్రిజ్ లేకుండా ఒక రోజు, మహా అయితే రెండు. కొనేది బెజవాడ హోటళ్లు, పెళ్లిళ్ల క్యాటరింగోళ్లు. రెండూ బంద్.

మిర్చి రైతుకీ దెబ్బే, పర్మిషన్ ఉన్నా గుంటూరు మిర్చి యార్డు మూసేశారు, కాదనట్లా. కానీ ఎండుమిర్చి టిక్కీలు, అదే బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పడేసి, వాటి మీద అప్పు తెచ్చుకుని రేటు కోసం ఆగొచ్చు. పుట్టగొడుగు బ్యాగు మీద ఏ బ్యాంకోడిస్తాడు? పొలం నాన్న పేరున, పాస్‌బుక్ ఆయనది, షెడ్డు అద్దెది. (ఉద్యోగం మానేసి ఇదేం పనిరా అని ఆ నాన్న అప్పుడే మొదలెడతాడు, అది వేరే వీడియో.)

ఆ ఏడాది దేశం జీడీపీ పడినా వ్యవసాయం పెరిగిందని లెక్క చూపిస్తారే, నాకు ఒళ్లు మండిద్ది. వడ్లకీ గోధుమలకీ మద్దతు ధర ఉంది, ప్రభుత్వం కొనిద్ది. పుట్టగొడుగులకీ పూలకీ ఎవరున్నారు?

నిలబడ్డోళ్లు ఏం చేశారంటే హోటళ్లని వదిలేసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో దూరారు, రాత్రి ఆర్డర్ తీసుకుని పొద్దున్నే అంతవరకే కోసి గేటు దగ్గర వాచ్‌మెన్‌కి ఇచ్చేయడం. మిగిలింది ఎండబెట్టడం, ఏప్రిల్ ఎండ మనకి కొదవా, కాకపోతే పది కిలోలు ఎండితే కిలో వచ్చిద్ది. అదే ఎండకి షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి, లేదంటే తర్వాతి బ్యాగులు పోతాయి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మారటోరియం అని 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా బ్యాంకు అప్పుల కంతులు ఆపారు గానీ వడ్డీ ఆగలా. ఇంకోటి అగ్రి ఇన్‌ఫ్రా ఫండ్ అని కేంద్రం పథకం, అదే ఏడాది వచ్చింది, 2 కోట్ల దాకా లోనుకి 3 శాతం వడ్డీ రాయితీ, చల్లగది లాంటివి కట్టుకోవచ్చు. క్రెడిట్ గ్యారంటీ, అంటే మీరు కట్టలేకపోతే బ్యాంకుకి హామీ, అది కూడా పెట్టారు దానికి, బ్రాంచిలో వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఇప్పుడు ఇంకా ఇస్తున్నారో లేదో మీరే అడగండి.