పుండు మానింది, జబ్బు మానలేదు

అందరికీ నమస్కారం.

సుఖవ్యాధుల గురించి మాట్లాడమన్నారు. ఒక చిన్న పుండుతో మొదలుపెడతాను. అది జననాంగం మీద లేవచ్చు, మలద్వారం దగ్గర లేవచ్చు, పెదవి మీదో నోట్లోనో కూడా లేవచ్చు. అంచు గట్టిగా ఉంటుంది, మామూలుగా నొప్పి ఉండదు. నొప్పి లేని పుండుని ఎవరు పట్టించుకుంటారు? స్త్రీలకి యోని లోపల లేస్తే కంటికే ఆనదు. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. ఈలోగా ఏదో ఆయింట్‌మెంట్ రాసుకున్నవాళ్ళు దాని వల్లే తగ్గిందని గట్టిగా నమ్ముతారు.

అది సిఫిలిస్ మొదటి దశ. పుండు మానేసరికే క్రిములు రక్తంలో చేరి ఉంటాయి. కొన్ని వారాలకి ఒంటి మీద మచ్చలు తేలతాయి, చాలాసార్లు అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా. సాధారణంగా దురద ఉండదు. కొంచెం జ్వరం, బిళ్ళలు కట్టడం, అక్కడక్కడా జుట్టు ఊడటం కూడా ఉండొచ్చు. ఏదో ఎలర్జీ అనుకుంటారు. ఇవి కూడా మందు లేకుండానే సర్దుకుంటాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, రక్తపరీక్ష చేస్తే తప్ప బయటపడదు. చికిత్స అందని వారిలో కొందరికి పదేళ్ళకో, ముప్పై ఏళ్ళకో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, మెదడు, వెన్నుపాము దెబ్బతింటాయి. కంటికీ చెవికీ నరాలకీ మాత్రం ఏ దశలోనైనా ప్రమాదమే. లక్షణం పోయిందంటే జబ్బు పోయినట్టు కాదు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. 1943లో పెన్సిలిన్‌తో దీన్ని నయం చెయ్యొచ్చని తేలింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే పెన్సిలిన్ దీని మీద చక్కగా పనిచేస్తోంది. తొలి దశల్లో అయితే 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్కసారి, పిరుదుల కండలోకి ఇస్తే సరిపోతుంది. ఎప్పుడు సోకిందో తెలియకపోయినా, ఏడాది దాటినా వారానికొకసారి చొప్పున మూడు వారాలు ఇస్తారు. మెదడు దాకా వెళ్తే చికిత్స వేరు. ఇంజెక్షన్ చేసిన రోజు కొందరికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. చనిపోతున్న క్రిముల వల్ల వచ్చేది అది, సాధారణంగా ఒక్క రోజులో తగ్గిపోతుంది. మందు పడలేదని భయపడి తర్వాతి వారం రాకుండా ఉండకండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అది నిజమైన ఎలర్జీ.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే కడుపులోని బిడ్డకి సోకొచ్చు. బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టొచ్చు. నెల తప్పిందని తెలియగానే పరీక్ష చేసి, ఉంటే పెన్సిలిన్ ఇస్తే ఈ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. ఇంత తేలికైన మందు ఉండి కూడా బిడ్డల్ని పోగొట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక క్లమీడియా, గనేరియా. మగవాళ్ళకి గనేరియా సోకితే చాలావరకు వారంలోపే మూత్రంలో మంట, చీము మొదలవుతాయి. క్లమీడియాలో వచ్చే స్రావం పలచగా ఉంటుంది, ఒక్కోసారి ఏమీ ఉండదు. ఆడవాళ్ళలో ఎక్కువమందికి రెండింటిలోనూ ఏ బాధా తెలియదు. తెలియకుండానే అవి గర్భాశయం దాటి ఫెలోపియన్ నాళాల్లోకి పాకుతాయి. అప్పుడు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలిసినప్పుడు నొప్పి రావచ్చు. నాళాలు మచ్చలు కట్టి మూసుకుపోతే పిల్లలు పుట్టరు, సగం మూసుకుంటే గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు ఇద్దరిదీ, నష్టం ఎక్కువగా ఆమెది, నింద కూడా ఆమెదే కావడం దారుణం.

క్లమీడియాకి డాక్సీసైక్లిన్ రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు వాడాలి. గర్భిణులకి అజిత్రోమైసిన్ ఇస్తారు. రెండో రోజుకే మంట తగ్గిందని ఆపేయకూడదు. గనేరియా సంగతి వేరు. సల్ఫా మందులు, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అన్నిటికీ అది ఒకదాని తర్వాత ఒకటిగా లొంగడం మానేసింది. ఇప్పుడు మనం ముఖ్యంగా ఆధారపడేది సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీద. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు బిళ్ళలతో దీనికి వైద్యం చేసుకోవద్దని బతిమాలుకుంటున్నాను.

ట్రైకోమొనాస్ అనే సూక్ష్మజీవి వల్ల నురగతో, వాసనతో తెల్లబట్ట అవుతుంది. మెట్రోనిడజోల్‌తో తగ్గుతుంది. అయితే తెల్లబట్ట అయిన ప్రతిసారీ అది సుఖవ్యాధి కాదు. పెరుగు విరిగినట్టు అవుతూ విపరీతమైన దురద ఉంటే తరచుగా అది ఫంగస్. చేపల వాసన వస్తే యోనిలో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి ఉండొచ్చు. పరీక్ష చేయించకముందే భర్తని అనుమానించి కాపురాన్ని రచ్చకెక్కించుకోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో సిఫిలిస్, క్లమీడియా, గనేరియా, ట్రైకోమొనాస్ ఈ నాలుగూ కలిపి కొత్తగా సోకిన సందర్భాలు సుమారు 37 కోట్ల 40 లక్షలు. నాలుగింటికీ నయం చేసే మందులున్నాయి.

వైరస్‌ల దగ్గర నయం అనే మాట ఆచితూచి వాడాలి. హెర్పిస్ వస్తే నీటిపొక్కులు లేచి, పగిలి, బాగా నొప్పి పెడతాయి. ఎసైక్లోవిర్ బాధని తగ్గిస్తుంది కానీ వైరస్ నరాల్లో ఉండిపోతుంది. హెచ్‌పీవీ అనే వైరస్ చాలామందికి సోకి, చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోతే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దారితీయొచ్చు. ఆ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీ 16, 18 రకాలే కారణం. టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే మేలు ఎక్కువ. వేయించుకున్నా, వయసు వచ్చాక ఆ క్యాన్సర్‌ని ముందే పసిగట్టే స్క్రీనింగ్ పరీక్ష మానకూడదు. హెపటైటిస్ బికి కూడా టీకా ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు రోజూ మందు వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గి అలాగే నిలిచి ఉంటే, లైంగిక సంబంధం ద్వారా అది ఎదుటివారికి సోకదు. కండోమ్ చిరిగిందనో, బలవంతం జరిగిందనో భయం ఉంటే 72 గంటలు దాటకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజుల మందుల కోర్సు ఇస్తారు.

ఒక ముఖ్యమైన చిక్కు మిగిలింది. గజ్జి వస్తే ఇంటిల్లిపాదికీ మందు రాస్తారు, ఎవరూ తప్పుపట్టరు. సుఖవ్యాధికి వచ్చేసరికి ఒక్కరే వచ్చి, ఒక్కరే మందు తీసుకుని, ఇంటికి వెళ్ళి మళ్ళీ అంటించుకుంటారు. భాగస్వామికి కూడా పరీక్షా మందూ జరగాలి. ఒక్క డోసు మందైతే అది తీసుకున్నాక ఏడు రోజులు, కోర్సు అయితే అది పూర్తయ్యేదాకా, ఇద్దరూ కలవకూడదు. చెప్పడం కష్టమే. చెప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: క్లమీడియా నెలల తరబడి, హెర్పిస్ ఏళ్ళ తరబడి తెలియకుండా ఉండగలవు. ఈ రోజు రిపోర్టులో పాజిటివ్ వచ్చిందంటే అది ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఆ కాగితం చెప్పలేదు.

కండోమ్ ప్రతిసారీ, మొదటి నుంచి చివరి దాకా వాడాలి. లేటెక్స్ కండోమ్‌కి నూనె రాస్తే చిరుగుతుంది. అది కప్పని చోట చర్మం నుంచి చర్మానికి హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ సోకే వీలు కొంత ఉంటుంది. టాయిలెట్ సీటు మీద కూర్చున్నందుకు ఇవి రావు.

డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా చెప్పాల్సింది కలయిక నోటితోనా, మలద్వారం ద్వారానా అన్నది. గొంతులో గనేరియా ఉంటే మూత్రపరీక్షలో దొరకదు, గొంతు నుంచే నమూనా తీయాలి. నిన్న కలిసి ఈ రోజు పరీక్ష చేయించుకుని ఏమీ లేదని నిశ్చింతగా ఉండకండి. సిఫిలిస్ రక్తంలో తేలడానికి కొందరిలో మూడు నెలలు కూడా పట్టొచ్చు. చికిత్స అయ్యాక క్లమీడియాకీ గనేరియాకీ మూడు నెలలకి మరోసారి చూపించుకోవాలి. సిఫిలిస్‌కైతే ఆరు నెలలకి, ఏడాదికి రక్తం ఇచ్చి, మొదటి రక్తపరీక్షలో వచ్చిన అంకె నాలుగో వంతుకో అంతకన్నా కిందికో దిగిందా అని అడగండి.