ఆస్పత్రి దాకా తోడెవరు?

పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు, ఆశా కార్యకర్తలకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు నమస్కారం.

మా మేనత్త టీ పోసే తీరు మీకు చెప్పాలి. గ్లాసు అంచు లోపల వేలు పెట్టుకుని పోసేది. వేడి తగలగానే గిన్నె ఎత్తేసేది. అలా రెండేళ్ళు పోసింది. ఆ టీ తాగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. వయసు మీద పడింది కదా అనుకున్నాం. నిజానికి ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు.

మన దేశంలో 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వే ప్రకారం, యాభై దాటి చూపు కోల్పోయిన ప్రతి వందమందిలో దాదాపు 66 మందికి కారణం శుక్లాలే. శుక్లం అంటే కంట్లోని కటకం (లెన్సు) మసకబారడమే. దాన్ని తీసి కొత్తది అమర్చడానికి సాధారణంగా అరగంట కూడా పట్టదు. మదురైలోని ఆరోలాబ్ అనే సంస్థ 1992లో ఈ కంటి లెన్సుల తయారీ మొదలుపెట్టాక వాటి ధర ఎంతో దిగివచ్చింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో పరీక్షలు ఊళ్ళలోకే వచ్చాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. అయినా మన వీధి అరుగుల మీద పొర కమ్మిన కళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి.

భయం ఉంది, కాదనను. కుట్లు వేసి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టిన కాలం, ఆ తర్వాత వచ్చిన సోడాబుడ్డి కళ్ళద్దాలు పెద్దవాళ్ళకు గుర్తున్నాయి. ఇప్పుడు కోత చాలా చిన్నది, చాలామందికి కుట్టే అక్కర్లేదు. పొర బాగా ముదిరాకే తీయించాలన్న మాట కూడా పాతకాలంది. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి, ఆపరేషన్ చేసినా చూపు రాని పరిస్థితి రావచ్చు.

కానీ మా అత్త ఆగింది భయపడి కాదు. ధైర్యంగానే వెళ్ళింది. షుగరు ఎక్కువగా ఉంది, తగ్గాక తీసుకురండి అని పంపేశారు. అది సరైన మాటే. ఆ "తీసుకురండి" దగ్గరే అంతా ఆగిపోయింది. వెంట వెళ్ళేవాళ్ళకు ఒక రోజు కూలి పోతుంది. నాట్లు వచ్చాయి, తర్వాత ఇంట్లో పెళ్ళి, ఆ తర్వాత కోడలికి కాన్పు. ఏడాది గడిచింది. ఒక్కసారి కూడా ఆమె నోరు తెరిచి అడగలేదు. "నా కళ్ళతో ఇప్పుడు ఏం పని?" అనేది. మేం అది నిజమని నమ్మాం. అడగడానికి మొహమాటపడుతోందని మాకు తట్టలేదు.

మగవాళ్ళయితే ఎలాగో బస్సెక్కుతారు. ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది: ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, బరువు ఎత్తకూడదు, వారాల తరబడి వేళకు చుక్కలు వేయాలి. ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? ఒక కన్ను బాగయ్యాక రెండోదాని ఊసే ఎత్తకపోవడానికి కూడా ఇదే కారణం.

అందుకే ఈ రోజు మిమ్మల్ని చందా అడగడం లేదు. ప్రతి సంఘం నుంచి ఇద్దరు వంతుల వారీగా తోడు వెళ్ళాలని అడుగుతున్నాను. షుగరు, బీపీ వల్ల వెనక్కి వచ్చిన వాళ్ళ పేర్లు ఆశా అక్కల దగ్గర రాసిపెట్టండి. నెల తిరిగేసరికి మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కండి. ఈ కాగితం ఇప్పుడు మీ మధ్యకు వస్తుంది. ఎడమవైపు వెళ్ళాల్సిన వాళ్ళ పేరు, కుడివైపు వెంట వెళ్ళే వాళ్ళ పేరు రాయండి. కుడివైపు మొదటి పేరు నాదే రాశాను.