వాతావరణ మ్యాప్ మీద ఆ వంకర గీతలేంటి?

[తెర: వాతావరణ మ్యాప్. నిండా వంపులు తిరిగిన గీతలు.]

తుఫాను వార్తల్లో ఈ మ్యాప్ చూసే ఉంటారు. ఎవరో పెద్ద వేలిముద్ర వేసినట్టుంటుంది. గీత గీతకీ ఓ అంకె: 1008, 1004, 1000. ఇవే సమభార రేఖలు, ఐసోబార్లు. ఒక గీత వెంట ఎక్కడైనా గాలి పీడనం ఒకటే. అందుకే రెండు గీతలు ఎప్పుడూ ఒకదాన్నొకటి కోసుకోవు. ఒకే చోట ఒకేసారి రెండు పీడనాలు ఉండవుగా!

అంకెలు హెక్టోపాస్కళ్లలో. పాత మిల్లీబారే, పేరు మారిందంతే.

[తెర: కొండ మీద ఒక బారోమీటరు, తీరంలో ఒకటి.]

ఇక్కడో చిక్కుంది. పైకెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది, నేలకు దగ్గర్లో సుమారు 8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున. కొలిచిన అంకెల్ని అలాగే మ్యాప్‌కెక్కిస్తే కొండ ఉన్న ప్రతిచోటా అల్పపీడనమే! అందుకని అన్ని రీడింగులనూ సముద్ర మట్టానికి లెక్కగట్టాకే గీతలు గీస్తారు.

[తెర: రెండు గీతల మధ్య ఖాళీ, దగ్గరగా.]

ఇక అంకెలు వదిలేసి ఈ ఎడం చూడండి. నన్నడిగితే అసలు కథంతా ఇక్కడే. గీతకీ గీతకీ తేడా 4 హెక్టోపాస్కళ్లు. ఒకచోట ఆ తేడా రావడానికి 400 కిలోమీటర్లు పట్టింది. ఇంకోచోట 100 కిలోమీటర్లలోనే వచ్చేసింది. అంటే గాలిని నెట్టే బలం అక్కడ నాలుగు రెట్లు.

మరి గాలి అల్పపీడనంలోకి తిన్నగా దూకేయాలి కదా? దూకదు. భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు ఒరుగుతుంది. కిలోమీటరు ఎత్తున దాదాపు గీతల వెంబడే పోతుంది. కింద నేల రాపిడికి వేగం తగ్గి, గీతల్ని ఏటవాలుగా దాటుతూ లోపలికి సుడి తిరుగుతుంది.

[తెర: గాలికి వీపు పెట్టి నిలబడ్డ మనిషి బొమ్మ.]

1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పిన కిటుకు: గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతివైపు ఉంటుంది. దక్షిణార్ధగోళంలో కుడివైపు. భూమధ్యరేఖ మీద ఇది చెల్లదు, అక్కడ ఆ ఒరుగుడే ఉండదు.

[తెర: తుఫాను మ్యాప్. నడుమ వలయాలు.]

ఇప్పుడు చెప్పండి, ఇందులో గాలి ఎక్కడ విరుచుకుపడుతోంది? పీడనం మరీ తక్కువున్న నడిమధ్యలో అనుకుంటాం. 1979లో పసిఫిక్‌లో టిప్ టైఫూన్ మధ్యలో పీడనం 870కి పడిపోయింది. కానీ ఆ నడిమధ్యలో, అంటే తుఫాను కంట్లో, గాలి దాదాపు సద్దుమణిగి ఉంటుంది. బీభత్సమంతా కంటిని చుట్టి, గీతలు ఇరుక్కుపోయిన ఈ వలయంలోనే.