ఏడిపించే క్రిస్మస్ బొమ్మలు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున పిల్లల్ని తెలుగు క్లాసులో దింపాక దొరికే గంటన్నర ఎంత విలువైనదో నాకు తెలుసు. నా కూరగాయల షాపింగ్ కూడా ఆ గంటన్నరలోనే అయిపోవాలి. అది మానుకుని వచ్చి కూర్చున్నారు, థాంక్స్.

నేను లైబ్రరీలో పిల్లల విభాగంలో పనిచేస్తానని మీలో చాలామందికి తెలుసు. పోయిన నెల ఒకావిడ నన్ను ఆపి, "స్కూల్లో అందరూ ఏవో పాత క్రిస్మస్ కార్టూన్ల గురించి మాట్లాడుకుంటున్నారట అక్కా, మావాడికి ఒక్కటీ తెలీదు. ఏవి చూపించమంటారు?" అని అడిగింది. పేర్లు కావాలంటే వాట్సాప్‌లో పెట్టేస్తే సరిపోతుంది. కానీ ఆవిడే ఇంకో మాట అంది: "ఏడుపు సీన్లు లేనివి చెప్పండి." అక్కడే నాకు చిక్కొచ్చింది. ఇన్నేళ్లుగా నిలబడిన వాటిలో ఏడుపు లేనిది నాకు దాదాపు కనబడలేదు.

వీటిని క్రిస్మస్ స్పెషల్స్ అంటారు. సీరియల్ కాదు, సినిమా కాదు. ఎక్కువ భాగం ప్రకటనలతో కలిపి అరగంట, కొన్ని గంట. వీసీఆర్ లేని రోజుల్లో అమెరికా టీవీలో ఏడాదికి ఒక్క రాత్రి వచ్చేవి. ఆ రాత్రి జ్వరమొచ్చి పడుకుంటే మళ్లీ వచ్చే డిసెంబరే. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం కోసం స్నానాలు చేసి కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్వీడన్‌లో అయితే 1960 ప్రాంతం నుంచి ఇప్పటిదాకా క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మూడింటికి ఇంటిల్లిపాదీ డోనల్డ్ డక్ ముందు కూర్చుంటారు. భోజనాలు కూడా దాన్నిబట్టే.

ముందు రుడాల్ఫ్. ఎర్రముక్కు రెయిన్‌డీర్, అంటే సాంటా బండి లాగే దుప్పిలాంటి జంతువు. ఈ కథ పుట్టింది 1939లో, షికాగోలో. మాంట్‌గమరీ వార్డ్ అనే పెద్ద దుకాణాల సంస్థ పండక్కి పిల్లలకు ఉచితంగా పంచడానికి ఒక చిన్న పుస్తకం రాయమని రాబర్ట్ మే అనే తన ఉద్యోగికి చెప్పింది. అప్పుడు ఆయన భార్య క్యాన్సర్‌తో మంచంలో ఉంది. రాయడం పూర్తికాకముందే, ఆ వేసవిలో చనిపోయింది. నాలుగేళ్ల కూతురు ఉంది. నలుగురూ వెక్కిరించే ముక్కున్న జంతువు కథ ఆ ఇంట్లో తయారైంది. తర్వాత ఆయన బావమరిది జానీ మార్క్స్ దాన్ని పాట చేశాడు. 1964 డిసెంబర్ 6న ఎన్‌బీసీ అనే అమెరికా చానెల్లో టీవీ స్పెషల్‌గా వచ్చింది. అందులో కదిలేవి నిజం బొమ్మలు. ఒక్కో ఫ్రేముకి కొంచెం కొంచెం కదిపి, టోక్యోలో తీశారు.

ఇప్పుడు చూస్తే మనకు ఇబ్బందిగా ఉండేది పెద్దవాళ్ల ప్రవర్తన. కొడుకు ముక్కు ఎవరికీ కనబడకూడదని తండ్రే దానిమీద మట్టి పూస్తాడు. సాంటా కూడా ముఖం చిట్లిస్తాడు. "రంగు తక్కువ", "ఇంకా ఇంగ్లీషు రాలేదా" అని మన ఇళ్లలో పిల్లల ముందే అనే మాటలు నాకు అక్కడ గుర్తొస్తాయి. ఆ సీను దగ్గర రిమోట్ పట్టుకోకండి. పిల్లలు మీ వంక చూస్తారు, చూడనివ్వండి.

ఇందులో ఎవరికీ అక్కర్లేని బొమ్మలుండే ఒక దీవి ఉంది. చతురస్రపు చక్రాల రైలు, ఎగరలేక ఈదే పక్షి, మచ్చల ఏనుగు. మీకు ఇళ్లు వెతుకుతామని రుడాల్ఫ్ వాళ్లకు మాటిస్తాడు. మొదటిసారి ప్రసారమైనప్పుడు కథ ముగిసింది గానీ ఆ బొమ్మల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. చూసినవాళ్లు ఊరుకోలేదు, మాట తప్పారేమిటని ఉత్తరాలు రాశారు. 1965లో సాంటా వెళ్లి వాళ్లను బండెక్కించుకునే సీను కొత్తగా తీసి కలిపారు. ఆ సీనులో బొమ్మలన్నిటికీ గొడుగులిచ్చి కిందికి దింపుతూ, పక్షే కదా అని దాన్ని మాత్రం ఊరికే వదిలేస్తారు. అది ఎగరలేదని చెప్పుకున్నాం కదా! మా లైబ్రరీలో ప్రతి ఏడూ ఎవరో ఒక బుడతడు అది పట్టుకుంటాడు.

చార్లీ బ్రౌన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. 1965 డిసెంబర్ 9న సీబీఎస్‌లో వచ్చింది. స్పాన్సర్ కోకాకోలా. చార్ల్స్ షుల్జ్ కామిక్‌లోని పిల్లలే ఇందులోనూ. మొదలవ్వడమే ఆ అబ్బాయి, పండగొస్తోంది గానీ నాకు సంతోషంగా లేదు, నాలో ఏదో లోపం ఉన్నట్టుంది అంటాడు. పిల్లల కార్యక్రమం ఇలా మొదలైతే ఏ చానెల్‌వాళ్లకు టెన్షన్ రాదు? సీబీఎస్ అధికారులకు చూపించినప్పుడు అస్సలు నచ్చలేదు. మరీ నెమ్మది అన్నారు. వెనక నవ్వుల టేపు లేదు. సంగీతం చూస్తే విన్స్ గరాల్డీ జాజ్ పియానో. మాట్లాడింది నిజం పిల్లలు, అందులో చదవడం రానంత చిన్నపిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఒక్కో ముక్కా నోటితో చెప్పి పలికించారు. ఆ మాటలు అక్కడక్కడా తెగినట్టు వినిపించేది అందుకే. ఒకసారి వేసి మరిచిపోదామనుకున్నారు. ఆ రాత్రి ఆన్‌లో ఉన్న టీవీల్లో దాదాపు సగం దానిమీదే ఉన్నాయి.

ఆ రోజుల్లో అమెరికా ఇళ్లలో తళతళలాడే అల్యూమినియం క్రిస్మస్ చెట్లు ఫ్యాషన్. పిల్లలంతా వేస్తున్న క్రిస్మస్ నాటకానికి అలాంటిది తెమ్మని పంపిస్తే చార్లీ బ్రౌన్ ఆకులు రాలిపోతున్న ఒక బక్క మొక్కను తెస్తాడు, అందరూ నవ్వుతారు. అసలు క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని అరుస్తాడు. అప్పుడు అతని స్నేహితుడు లైనస్ స్టేజి మధ్యకు వచ్చి లూకా సువార్తలోని గొర్రెల కాపరుల ఘట్టం చెబుతాడు. టీవీలో బైబిల్ వద్దని తోటివాళ్లు సందేహించినా షుల్జ్ వినలేదు. ఒక్కటి గమనించండి. ఎప్పుడూ దుప్పటి వదలని ఆ పిల్లాడు, "భయపడకుడి" అన్న మాట దగ్గర దాన్ని వదిలేస్తాడు. ఎవరూ ఎత్తి చూపించరు, మనమే చూసుకోవాలి.

మేం హిందువులం, పిల్లలకు అది చూపించొచ్చా అని నన్ను అడుగుతుంటారు. తెనాలిలో మా పక్కింటివాళ్లు డిసెంబర్లో వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, అరిసెలూ కేకూ ఒకే పళ్లెంలో పంపించేవాళ్లు. మా నాయనమ్మ అరిసెలు చూసి "పాకం బాగా కుదిరింది" అనేది, అంతే. నా జవాబూ అంతే.

గ్రించ్ గురించి క్లుప్తంగా. క్రిస్మస్ అంటేనే గిట్టక ఊళ్లో పండగ సామాన్లన్నీ ఎత్తుకుపోయే ఒక చిరాకు జీవి కథ. 1966 డిసెంబర్ 18, చక్ జోన్స్ దర్శకత్వం. పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ పుస్తకంలో గ్రించ్ పచ్చగా ఉండడు, ఆ రంగు ఇచ్చింది టీవీయే. ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా భయపెట్టిన బోరిస్ కార్లాఫ్ గొంతు ఇందులో కథ చెబుతుంది. ఊరంతా దోచుకుపోయినా మర్నాడు జనం చేతులు పట్టుకుని పాడతారు, అది చాలు. 1969 నాటి ఫ్రాస్టీ నాకు అంతగా ఎక్కదు. మంచు మనిషి కరిగిపోతాడు, పాప ఏడుస్తుంది, వెంటనే సాంటా వచ్చి బతికించేస్తాడు. మూడేళ్లవాళ్లకు బాగుంటుంది.

ఇవాళ పక్క గదిలో మనం వేస్తున్న 'ది స్నోమ్యాన్'లో అలా బతికించడానికి ఎవరూ రారు. ఇది ఇంగ్లండ్‌ది. రేమండ్ బ్రిగ్స్ 1978లో మాటల్లేకుండా గీసిన పుస్తకం ఆధారం. ఒక అబ్బాయి చేసిన మంచు మనిషికి రాత్రి ప్రాణమొస్తుంది, ఇద్దరూ కలిసి ఎగురుతారు. 1982 డిసెంబర్ 26న చానెల్ 4లో వచ్చింది, ఆ చానెల్ పుట్టి రెండు నెలలు కూడా కాలేదు. క్రేయాన్లతో రుద్దినట్టుండే బొమ్మలు. ఆకాశంలో ఎగిరేటప్పుడు వచ్చే ఒక్క పాట తప్ప కథంతా సంగీతమే. పాడింది పీటర్ ఆటీ అనే చర్చి గాయకబృందంలోని కుర్రాడు, తెరమీద వేసే పేర్లలో అతని పేరే వేయలేదు. (గ్రించ్ పాట పాడినాయన పేరూ అలాగే మరిచారు. పాటగాళ్ల ఖర్మ అన్ని దేశాల్లోనూ ఒకటే.) బ్రిగ్స్ పుస్తకంలో సాంటా లేడు, సినిమావాళ్లు చేర్చారు. చివర అబ్బాయి జేబులో దొరికే మఫ్లర్ కూడా వాళ్లు చేర్చిందే. కరిగిపోవడం మాత్రం మార్చలేదు. తెల్లారి అబ్బాయి బయటికి పరిగెత్తితే ఒక టోపీ, కాస్త మంచు.

మా అమ్మాయి ఆరేళ్లప్పుడు ఇది చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆపి, "వాళ్లమ్మ ఫ్రీజర్లో ఎందుకు పెట్టలేదు?" అని నన్ను నిలదీసింది. ఇది ఉత్త బొమ్మే కదా అనబోయి ఆగిపోయాను. పట్టదమ్మా అన్నాను. మరుసటి శీతాకాలం పెరట్లో మంచు మనిషిని చేసింది, ఇంటికి ఉత్తరం వైపు, ఎండ పడనిచోట వెతుక్కుని మరీ. నాలుగు రోజులున్నాడు. టోపీ తనే తెచ్చి, ఉతకమని నాకిచ్చింది.

ఇరవయ్యారు నిమిషాలు పడుతుంది. పిల్లలు క్లాసు నుంచి వచ్చేస్తున్నారు, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అయిపోగానే లైటు వేయకండి, నేనే వేస్తాను. టిష్యూ డబ్బా తలుపు పక్కన పెట్టాను.