పాతబస్తీకి మనం బాకీ ఉన్న ప్రింట్లు

సభాధ్యక్షులకు, ఉభయ ఫొటోగ్రఫీ క్లబ్బుల కార్యదర్శులకు, ట్యాంక్‌బండ్ దాటి వచ్చిన సికింద్రాబాద్ మిత్రులకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మన సభల ఆనవాయితీ. వారు మన్నిస్తారన్న ధైర్యంతో ఈ పూటకు దానిని వదిలేస్తున్నాను.

రాబోయే ఆదివారం మనం కలిసి చార్మినార్ పరిసరాలకు వెళ్తున్నాం కనుక, ‘పాతబస్తీలో ఉదయపు వెలుగు’ గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఆ పని త్వరగా ముగిస్తాను. 1591లో కట్టిన చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి కాబట్టి, ఏ వేళకు ఏ ముఖం మీద వెలుగు పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. పొద్దున్నే తూర్పు ముఖం మీది గచ్చు నగిషీ ఏటవాలు ఎండలో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఎండ నడినెత్తికి చేరితే అదే నగిషీ చప్పగా తేలిపోతుంది. ట్రైపాడ్లు దారికి అడ్డం పెట్టకండి. వెలుగు గురించి ఇంతే. ఆ కమానులను మనలో ప్రతివారూ ఇదివరకే తీశారు, ఇకముందూ తీస్తారు.

నేను చెప్పదలచుకున్నది చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ గురించి. అక్కడి గల్లీలలో లక్క గాజులు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, మెత్తబడిన లక్కను సన్నని తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అతుకు కనిపించకుండా వేళ్లతో నొక్కి, ఆ వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ వరుసలో అద్దుతారు. మా సభ్యుడొకరు అక్కడ తీసిన ఆయన చిత్రానికి మా వార్షిక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు ఆయన ముఖం మీది ముడతలనూ, ఆ ముడతలలో ఒదిగిన నీడలనూ చాలాసేపు మెచ్చుకున్నారు.

తరువాత మేము కొందరం అటుగా వెళ్లినప్పుడు ఆ చిత్రాన్ని ఫోన్‌లో ఆయనకు చూపించాం. ఆయన తన ముఖాన్ని చూసుకోలేదు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చేతిలోని గాజు దగ్గర ఆగి, వరుసలో ఇంకా రాళ్లు పెట్టని చోటును చూపించి, పని పూర్తికాని గాజును ఎందుకు తీశారని అడిగారు. కాసేపటికి, ‘తస్వీర్ లేకే జాతే, లాకే కోయీ నై దేతే’ అన్నారు. బొమ్మ పట్టుకుపోతారు గానీ తెచ్చి ఇచ్చేవాడు ఒక్కడూ లేడని ఆయన ఫిర్యాదు. దుకాణం గోడకు వేలాడదీసుకోవడానికి కాగితం మీద ఒకటి కావాలన్నారు. బహుమతి పొందిన చిత్రం మా క్లబ్బు గోడ మీద అద్దాల చట్రంలో ఉంది. ఆయనకు ఇవ్వాలన్న ప్రస్తావన మాత్రం కార్యవర్గంలో ‘తరువాత చూద్దాం’ దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మన గ్రూపులో అభినందనలు వెల్లువెత్తాయి. అప్పుడు కూడా ఆ ప్రింటు మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ నగరంలో మన విద్యకు పెద్దదిక్కు రాజా దీన్ దయాళ్. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆయన పేరు మనం ప్రతి సభలోనూ తలుస్తాం, మహళ్ల చిత్రాలను పొగుడుతాం. నాకు అంతకన్నా గొప్పగా తోచేది 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా తెరిచిన జనానా స్టూడియో. దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఫిల్ముకు బదులు అద్దపు పలకల మీద బొమ్మలు తీసే కాలంలో, అంత ఖర్చుతో, కెమెరా ముందు కూర్చునే మనిషి మర్యాదకు తగినట్టు ఆయన స్టూడియోనే మార్చుకున్నారు. మనమో, గల్లీలోకి పదిమందిమి ఒక్కసారిగా దూరి, ఒకే కుంపటి చుట్టూ మూగి, పని చేసుకునే మనిషి మోచేయి కదలడానికి కూడా చోటు లేకుండా చేస్తున్నాం. క్షమించండి, కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. ముందు వరుసలోని మిత్రులు నవ్వుతున్నారు, వారికి నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో తెలుసు.

వెలుగు గురించి ఇంకొక్క మాట చెబుతున్నాను. ఆ కార్ఖానాలలో వెలుగు ఒక్క గుమ్మం నుంచే వస్తుంది. ఆ గుమ్మంలోనే మనం నిలబడితే మన బొమ్మా చెడుతుంది, ఆయన పనీ చెడుతుంది. ఫ్లాష్ వేయకండి, రాళ్లు తెల్లగా మెరిసిపోవడమే కాక, వేడి లక్క పట్టుకున్న మనిషి కళ్లు చెదురుతాయి. తక్కువ వెలుగులోనూ బొమ్మ పడేలా కెమెరాలో ఐఎస్ఓ పెంచుకోండి, కొంచెం గరుకుదనం వచ్చినా నష్టం లేదు. ముందు అడగండి. వద్దంటే కెమెరా దించేయండి.

అందుచేత ఆదివారం కార్యక్రమంలో ఒక మార్పు కోరుతున్నాను. క్లబ్బుల మధ్య పోటీని ఈసారికి పక్కన పెట్టి, ఇక్కడి ఒకరినీ అక్కడి ఒకరినీ జతగా పంపుదాం. ఒకరు తీస్తుంటే మరొకరు ఆ మనిషి పేరు, దుకాణం గుర్తు, ఆయన ఏ బొమ్మ కావాలన్నారో నోటు పుస్తకంలో రాయాలి. నాలుగు బై ఆరు ప్రింటు ఒక ఇరానీ చాయ్ ధరను మించదు కనుక ఖర్చు సాకు చెప్పవద్దు. ఆ ప్రింట్లు పట్టుకుని మరో ఆదివారం అదే గల్లీలకు కెమెరాలు లేకుండా వెళ్దాం.

‘తరువాత చూద్దాం’ అన్న మాట నేను ఇదివరకే విన్నాను. కార్యదర్శులిద్దరూ ఇక్కడే ఉన్నారు. ఆ రెండో ఆదివారం ఏ తేదీయో వారు ఈ మైకులో ప్రకటించిన తరువాతే నేను కూర్చుంటాను.