తలకెంత, ఏడాదికెంత: వలస వీసాల ఖర్చు లెక్క

సభకు నమస్కారం.

వలస దరఖాస్తులు నింపడంలో పదిమందికి సాయపడుతూ వచ్చినవాణ్ణి కాబట్టి, నా దగ్గరికొచ్చే ప్రతివారూ మొదట అడిగేది ఒకే ప్రశ్న. "వీసాకి ఎంతవుతుందండీ?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "మీరెంతమంది? ఎన్నేళ్ళు ఉంటారు? ఎన్నాళ్ళు ఆగగలరు?" సూటిగా అడిగితే డొంకతిరుగుడుగా మాట్లాడతాడేమిటని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఏం చెయ్యను? ఈ మూడూ తెలియకుండా నేను ఏ అంకె చెప్పినా అది తప్పే అవుతుంది. ప్రభుత్వం వారి పట్టికలో వీసా రకానికి ఎదురుగా ఉండే అంకెను తలలతో హెచ్చవేయాలి. కొన్ని దేశాల్లో ఏళ్ళతో కూడా హెచ్చవేయాలి. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ హెచ్చవేత గురించే.

దానికి ముందు ఒక అపోహ తొలగించాలి. మనం కట్టేది వీసా ధర అనుకుంటాం. అది మన కాగితాలు చదివినందుకు కూలి. వీసా ఇచ్చినా, ఇవ్వకపోయినా చదవడం చదివారు కదా, కూలి వాళ్ళకు చెందుతుంది. అమెరికాలో పౌరసత్వ, వలస సేవల సంస్థ నడిచేదే దాదాపుగా ఈ డబ్బు మీద. దాని ఖర్చులో సుమారు 96 శాతం దరఖాస్తుదారుల ఫీజుల నుంచే వస్తుంది. అందుకే అక్కడ ఫీజులు కొన్నేళ్ళకోసారి ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఈ మధ్య అలా ఎగబాకింది 2024 ఏప్రిల్ 1న. ఆ సంస్థకు కట్టేవాటి గురించి నేను చెప్పే అంకెలు ఆనాటి పట్టికలోవి. మీరు కట్టే రోజున మళ్ళీ చూసుకునే కట్టండి.

సులువైన ఉదాహరణతో మొదలుపెడతాను. అమెరికా పౌరురాలు ఒకావిడ, విదేశంలో ఉన్న భర్తను పిలిపించుకోవాలి. ఆవిడ ఐ-130 అనే పిటిషన్ వేస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అది ఆమోదం పొందాక కేసు విదేశాంగ శాఖకు వెళ్తుంది. అక్కడ వలస వీసా ఫీజు 325, ఆవిడ పూచీకత్తు పత్రాన్ని పరిశీలించినందుకు 120. వీసా చేతికొచ్చాక గ్రీన్ కార్డు తయారీకి ఇమ్మిగ్రెంట్ ఫీజని మరో 235. అన్నీ కలిపితే 1,305 డాలర్లు. నాలుగు ఫీజులు, రెండు శాఖలు, నెలల తేడాతో నాలుగు సార్లు కట్టడం. మొదటి 625 చూసి "ఇంతేనా" అనుకున్నవాళ్ళకు ఆ తర్వాతి మూడూ పిలవని పేరంటాల్లా వస్తాయి.

ఇదే జంటకు ఇంకా పెళ్ళి కాలేదనుకోండి. "ముందు కాబోయే భర్త వీసా మీద రప్పిస్తాం, అది చవకట కదా" అంటారు చాలామంది. కె-1 వీసా అంటే అదే. పిటిషన్‌కు 675, వీసాకు 265, మొత్తం 940. చూడ్డానికి చవకే. కానీ వచ్చిన 90 రోజుల్లో పెళ్ళి చేసుకుని, గ్రీన్ కార్డు కోసం ఐ-485 వెయ్యాలి. దానికి 1,440. అంటే 2,380 అయింది. ఆ కార్డు వచ్చేలోపు ఉద్యోగం చేసుకోవాలంటే అనుమతికి మరో 260. పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళకు 1,305 అయిన చోట, పెళ్ళికి ముందు వచ్చినవాళ్ళకు దాదాపు రెట్టింపు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఖర్చు ఇంకొకటుంది. గ్రీన్ కార్డు హోదా వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ కార్డే ఇస్తారు. గడువు ముగిసేలోపు ఆ షరతు తీయించుకోవడానికి ఐ-751 వెయ్యాలి, 750 డాలర్లు. రెండేళ్ళు నిండటానికి నెలో, రెండు నెలలో ఉన్న జంటలు తేదీలు ఒకసారి చూసుకోండి. ఆ చిన్న తేడా 750 డాలర్లు మిగల్చొచ్చు.

ఇక తలల లెక్క. పౌరులు తమ తల్లిదండ్రులకు పిటిషన్ వేస్తే, అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి, విడివిడిగా వెయ్యాలి. ఒక పిటిషన్ మీద ఇద్దరూ రావడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఇందాకటి 1,305 రెండింతలై 2,610. అదే తోబుట్టువుకైతే తీరు మారుతుంది. తమ్ముడి పేర ఒక్క పిటిషన్ వేస్తే, మరదలు, పిల్లలు అతని వెంట అదే కేసులో వస్తారు. నలుగురున్న కుటుంబమైతే పిటిషన్ 625 ఒక్కసారే, పూచీకత్తు 120 ఒక్కసారే. వీసా ఫీజు, ఇమ్మిగ్రెంట్ ఫీజు మాత్రం తలకు 560 చొప్పున 2,240. మొత్తం 2,985. తలకు చూస్తే తల్లిదండ్రుల కంటే చవక.

కాకపోతే తోబుట్టువులకు ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి ఉంది కాబట్టి, ఆ తమ్ముడి వంతు రావడానికి పట్టేది నెలలు కాదు, ఏళ్ళు. 2010 చివర్లో ఐ-130కి 420 డాలర్లు కట్టిన అన్నగారు అప్పుడే మొత్తం లెక్క వేసి ఒక కవరు మీద రాసి పెట్టుకున్నారనుకుందాం. ఆ కవరు మీద ఇమ్మిగ్రెంట్ ఫీజు ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆ ఫీజే లేదు. 2013 ఫిబ్రవరిలో 165 డాలర్లతో పుట్టింది, తర్వాత 220 అయింది, ఇప్పుడు 235. పిటిషన్ నాటి రేటు పిటిషన్‌కే వర్తిస్తుంది, మిగతావి వంతు వచ్చిననాటి రేట్లకు కట్టాలి. ఈలోగా పిల్లల్లో ఎవరికైనా, పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని వయసులోంచి తీసేసే చట్టం ప్రకారం చూసినా 21 దాటిపోతే, తండ్రి వెంట రావడానికి కుదరదు, లెక్కలోంచి ఒక తల తగ్గుతుంది. ఖర్చు తగ్గిందని సంతోషించినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

ఇప్పటికే అమెరికాలో ఉండి, అక్కడే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసేవారి లెక్క వేరు. 2024కు ముందు ఐ-485కి వేలిముద్రల ఫీజుతో కలిపి 1,225 కట్టేవారు. ఉద్యోగ అనుమతి, ప్రయాణ అనుమతి ఆ డబ్బులోనే వచ్చేవి. కొత్త పట్టికలో 1,440 అన్నారు. "215 డాలర్లు పెరిగింది, పోనీలే" అనుకున్నారు జనం. కానీ ఆ రెండు అనుమతులనూ విడదీశారు. ఉద్యోగానికి 260, ప్రయాణానికి 630. మూడూ కావాలంటే 2,330. అంటే పెరిగింది 1,105. అంకె చిన్నగా కనబడేలా రాయడం కూడా ఒక విద్యే. తల్లిదండ్రులతో కలిసి వేసే 14 ఏళ్ళలోపు పిల్లలకు 950. ఇక్కడొక చిన్న పొదుపు చెబుతాను. అప్పటికే చెల్లుబాటయ్యే ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నవాళ్ళు, ప్రయాణం చేసే ఆలోచన లేనివాళ్ళు, అలవాటు కొద్దీ మూడు ఫారాలూ వేయనక్కర్లేదు. మీ హోదాకు ఏది అవసరమో చూసుకుని వెయ్యండి.

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులో అసలు ప్రశ్న ఎంత అని కాదు, ఎవరు కట్టాలి అని. మొదటి మెట్టు కార్మిక శాఖ ధ్రువీకరణ, దాన్ని పెర్మ్ అంటారు. ప్రభుత్వానికి దాని ఫీజు సున్నా. ప్రకటనలకూ, లాయరుకూ ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఉద్యోగి చేత కట్టించకూడదని 2007 జూలై నుంచి నిబంధన ఉంది. జీతంలో కోసినా తప్పే, తర్వాత తిరిగి రాబట్టుకున్నా తప్పే. ఈ మాట చాలామంది ఉద్యోగులకు తెలియదు. తెలిసిన యజమానులు కొందరు తెలియనట్టు ఉంటారు. రెండో మెట్టు ఐ-140, ఉద్యోగి కోసం వేసే పిటిషన్. దానికి 715, ఆపైన శరణార్థుల కార్యక్రమం పేరిట 600. 25 మందిలోపు ఉద్యోగులున్న సంస్థకు 300, లాభాపేక్ష లేని సంస్థకు ఆ అదనం లేదు. తొందరగా తేల్చాలంటే ప్రీమియం ప్రాసెసింగ్. 2024 ఫిబ్రవరిలో అది 2,805 అయింది, 2026 మార్చి నుంచి 2,965. అసలు ఫీజు కంటే తొందర ఖరీదు ఎక్కువ. పైగా ఆ డబ్బుతో కొనుక్కునేది ఫైలు చదివే వేగాన్ని మాత్రమే. వీసా సంఖ్యల వరుసలో మన స్థానం అంగుళం కూడా జరగదు.

హెచ్-1బి కోసం లక్ష డాలర్లట కదా అని బయట అడిగారు. 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటన అది. దేశం బయట ఉన్నవారి కోసం యజమానులు వేసే కొత్త పిటిషన్లకు సంబంధించింది. అది తాత్కాలిక ఉద్యోగ వీసా కాబట్టి ఈనాటి లెక్కలో కలపను. పెట్టుబడిదారుల ఇ.బి-5 గురించి కూడా ఒక్క మాటే. అందులో పెట్టుబడే కనీసం 8 లక్షల డాలర్లు. అంత పెట్టగలిగినవారికి ఫీజుల లెక్క నేను చెప్పాలా!

ఇక బ్రిటన్. అక్కడ ఏళ్ళ హెచ్చవేత పూర్తి స్వరూపంలో కనబడుతుంది. నైపుణ్య ఉద్యోగి వీసాకు 2025 ఏప్రిల్ పట్టిక ప్రకారం, విదేశం నుంచి మూడేళ్ళు దాటిన కాలానికి 1,519 పౌండ్లు. దీనికి ఆరోగ్య సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకునేందుకు కట్టే సొమ్ము, తోడవుతుంది. 2015లో పెట్టినప్పుడు అది ఏడాదికి 200 పౌండ్లు. 2019లో 400, 2020లో 624, 2024 ఫిబ్రవరి నుంచి 1,035. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు 776. ఏడాదికి ఇంత అని చెప్పినా నెలనెలా కట్టుకునే వీలు లేదు. ఐదేళ్ళ వీసా అడిగితే ఐదేళ్ళదీ దరఖాస్తు రోజునే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనుకోండి. పెద్దవాళ్ళకు చెరి 5,175, పిల్లలకు చెరి 3,880, సర్‌చార్జి ఒక్కటే 18,110 పౌండ్లు. వీసా ఫీజులు నలుగురికి 6,076. మొత్తం 24,186 పౌండ్లు, మొదటి జీతం చూడకముందే. పట్టికలో కనబడిన అంకె 1,519 అని మరచిపోకండి.

కొందరికి ఈ సర్‌చార్జి ఉండదు. నర్సుల వంటి ఆరోగ్య, సంరక్షణ రంగ ఉద్యోగుల వీసాకు మినహాయింపు ఉంది, వీసా ఫీజు కూడా తక్కువ. అదే ఆసుపత్రిలో చేరినా ఏ తరగతి వీసా మీద చేరుతున్నారన్నది వేల పౌండ్ల తేడా తెస్తుంది. నియామక పత్రం వచ్చిన రోజునే ఈ సంగతి అడిగి తేల్చుకోండి. విదేశీ ఉద్యోగిని పెట్టుకున్నందుకు యజమాని కట్టాల్సిన నైపుణ్యాల చార్జిని ఉద్యోగి మీద మోపకూడదని అక్కడా నిబంధన ఉంది. దరఖాస్తు తిరస్కరిస్తే సర్‌చార్జి వెనక్కి వస్తుంది, వీసా ఫీజు రాదు.

కెనడా ఈ తిరిగొచ్చే, రాని సొమ్ముల తేడాను పద్దుల్లోనే విడదీసి చూపిస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి, అంటే నైపుణ్యమున్నవారు శాశ్వత నివాసానికి వెళ్ళే దారికి, 2024 ఏప్రిల్ 30 నాటి పట్టిక ప్రకారం పెద్దవాళ్ళకు 950 కెనడా డాలర్ల పరిశీలన ఫీజు, 575 శాశ్వత నివాస హక్కు ఫీజు. వీసా రాకపోతే 575 తిరిగిస్తారు. పిల్లలకు 260, వేలిముద్రలు, ఫొటో తీసుకునే బయోమెట్రిక్స్ కుటుంబానికి గరిష్ఠంగా 170. నలుగురికీ కలిపి 3,740. బ్రిటన్ అంకె విన్న చెవులకు హాయిగా ఉంటుంది. అయితే ఖాతాలో చూపించాల్సిన సొమ్ము ఇంకొకటుంది. 2025 జూలై నాటి పట్టిక ప్రకారం నలుగురి కుటుంబానికి 28,362 డాలర్లు. అది ఖర్చు కాదు, కానీ అప్పు చేసి చూపించడానికీ కుదరదు. అప్పటికే కెనడాలో పనిచేసిన అనుభవంతో దరఖాస్తు చేసే తరగతికి ఆ నిబంధన వర్తించదు.

ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల వీసాలు రెండు దారులు. నా మూడో ప్రశ్న, ఎన్నాళ్ళు ఆగగలరన్నది, వీటిని చూశాకే పుట్టింది. మామూలు పేరెంట్ వీసాలో చివర కట్టే రెండో వాయిదా మనిషికి 2,065 ఆస్ట్రేలియా డాలర్లు. కంట్రిబ్యూటరీ పేరెంట్ వీసాలో అదే వాయిదా పెద్దవారికి 43,600. ఇంత తేడా ఎందుకంటారా? మొదటి దారిలో నిరీక్షణ ముప్పయ్యేళ్ళ పైమాటేనని అక్కడి శాఖే చెబుతోంది. అరవై ఏళ్ళ తల్లిని ముప్పయ్యేళ్ళు ఆగమనడం ఏం మాట! రెండో దారిలోనూ ఏళ్ళు పడుతుంది గానీ మనిషి బతికుండగా వంతు వస్తుందన్న ఆశ ఉంటుంది. కాలానికి ఇంత స్పష్టంగా వెల కట్టిన పట్టిక నేనింకెక్కడా చూడలేదు.

చివరగా పట్టికలో కనబడనివి. వైద్య పరీక్ష ఫీజును అమెరికా లోపల ప్రభుత్వం నిర్ణయించదు, ఏ డాక్టరు రేటు ఆ డాక్టరుది. ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి. 2024 డిసెంబరు 2 నుంచి ఆ పరీక్ష ఫారాన్ని ఐ-485తో పాటే పెట్టాలి. 2025 జూన్‌లో మరో మెలిక పెట్టారు. ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైనా, మీరే వెనక్కి తీసుకున్నా, దానితో పెట్టిన వైద్య పరీక్ష కూడా చెల్లదు. మళ్ళీ దరఖాస్తు చేస్తే మళ్ళీ పరీక్ష, మళ్ళీ డబ్బు. అనువాదాల దగ్గర మాత్రం కొంత మిగుల్చుకోవచ్చు. అక్కడి వలస సంస్థకు ఇచ్చే అనువాదానికి, రెండు భాషలూ వచ్చిన వ్యక్తి "ఇది పూర్తిగా, సరిగా చేశాను, నాకు ఆ సామర్థ్యం ఉంది" అని సంతకం చేసి ఇస్తే చాలు. నోటరీ ముద్ర నిబంధనల్లో లేదు. ఆ ముద్రకని ఎవరైనా పేజీకింత అడిగితే నిబంధన చూపించమనండి.

నా తప్పు కూడా చెప్పి ముగిస్తాను. ఒకసారి మా బంధువుల కేసు మొత్తం నేనే దగ్గరుండి సర్దాను. ప్రతి కాగితం రెండుసార్లు చూశాను. చెక్కు మీద సంతకం పెట్టించడం మరిచాను. మూడు వారాలకు కట్ట యథాతథంగా తిరిగొచ్చింది. డబ్బు పోలేదు, తేదీ పోయింది. ఇప్పుడు ఆ తప్పు చేసే అవకాశమే లేదు. 2025 అక్టోబరు 28 తర్వాత అమెరికా వలస సంస్థ మామూలుగా చెక్కులే తీసుకోవడం లేదు. కాగితం మీద వేసేవారు కార్డు వివరాలకు జి-1450, బ్యాంకు ఖాతా నుంచి కట్టడానికి జి-1650 ఫారం జతచెయ్యాలి. వాటిలోనూ సంతకం గడి ఒకటుంది, చూసుకోండి. ఖాతాలో చాలినంత డబ్బు లేకపోయినా, కార్డు పరిమితి దాటినా కట్ట తిరుగుటపాలో వస్తుంది. ఒకే కవరులో నాలుగు దరఖాస్తులు పెడితే దేని చెల్లింపు ఫారం దానికి విడిగా పెట్టండి.

ముందు వరుసలో ఒకావిడ ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు. అడగండమ్మా. మీ ఇంట్లో ఎంతమందో ముందు చెప్పండి.